అవునని రాసిన మనిషి

మా నిత్యక్షేమ జీవిత బీమా సంస్థ, రావులపాలెం శాఖలో పాలసీ తీసుకున్న ప్రతి మనిషీ సంపూర్ణ ఆరోగ్యవంతుడు. గొప్ప కోసం చెప్పడం లేదు. పద్దెనిమిదేళ్లుగా ప్రపోజల్ ఫారాలు సరిచూసి సంతకం పెడుతున్నది నేనే. షుగరు ఉన్నదా? లేదు. రక్తపోటు ఉన్నదా? లేదు. ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా? లేదు. పొగాకు? లేదు. మద్యం? అసలే లేదు. ఊళ్లో అన్ని మందుల షాపులు ఎవరి కోసం నడుస్తున్నాయో మా ఫారాలు చదివినవాళ్లకు అంతుబట్టదు.

మావాళ్లకు జబ్బులన్నీ ప్రాణం పోయిన తర్వాతే వచ్చేవి. మనిషి పోయిన నెలలోపు మా విచారణాధికారి ఆసుపత్రులన్నీ తిరిగి, పాత చీటీలు పట్టుకొచ్చి, ఆ మనిషికి బతికుండగా ఏమేం ఉండేవో చక్కగా వరసపెట్టి రాసేవాడు. క్లెయిము తిరస్కరించబడేది. ఈ ఏర్పాటు వల్ల పాలసీ అమ్మేటప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, డబ్బు ఇచ్చేటప్పుడు సంస్థకూ ఇబ్బంది ఉండేది కాదు.

ఫారాలు నింపే పని ఏజెంటు గంగరాజుది. ఫారాన్ని మోటారు సైకిలు ట్యాంకు మీద పరిచి, పై నుంచి కిందికి ఒక్క ఊపులో ‘లేదు’లన్నీ పూర్తిచేసేవాడు. పార్టీ చేయవలసిందల్లా పెన్సిలు గుర్తున్న మూడు చోట్ల సంతకం. ఎన్నేళ్లుగా దగ్గుతున్నవాడైనా గంగరాజు కలం తగలగానే ఆరోగ్యవంతుడైపోయేవాడు. ఆయన హస్తవాసి అలాంటిది. జోన్‌లో ఉత్తమ ఏజెంటుగా ఆరుసార్లు శాలువా కప్పించుకున్నాడు.

కిందటేడు జులైలో ఒక మంగళవారం నూకరత్నం అనే ఆవిడ, అన్నగారిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఆవిడ భర్త భీమేశ్వర్రావు అరటి మార్కెట్లో గెలలు లారీలకెత్తించే మేస్త్రీ. పాలసీ తీసుకున్న పదహారో నెలలో గుండెపోటుతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఒకతి పదో తరగతి, ఒకతి ఏడు. క్లెయిము తిరస్కరిస్తూ మేము పంపిన ఉత్తరం ఆవిడ చేతిలో ఉంది. ఆ ఉత్తరం టైపు చేసింది కూడా నేనే.

మా మేనేజరు త్రివిక్రమరావు గారు వాళ్లను కూర్చోబెట్టి, ఫ్యాను వేయించారు. మర్యాదలో ఆయన ఎప్పుడూ లోపం చేయరు.

“చూడమ్మా, సంస్థకు మీ పట్ల ప్రగాఢమైన సానుభూతి ఉన్నది. కానీ ప్రశ్న నంబరు పదకొండు. షుగరు వ్యాధి ఉన్నదా అంటే ‘లేదు’ అని మీవారు ప్రకటించారు. వాస్తవంలో నాలుగేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఇది సత్యగోపనం కిందికి వస్తుంది.”

“ఆయన ప్రకటించలేదండి. ఆయనకి సంతకం తప్ప రాయడం రాదు. మీ ఏజెంటు గోరు మా ఇంట్లోనే కూర్చుని రాసుకున్నారండి. మంచినీళ్లు అడిగితే ఇచ్చేను. తాగి, ఆ గ్లాసు మాత్రల డబ్బా పక్కనే పెట్టేరండి. ‘షుగరా?’ అనడిగేరు కూడాను. ‘అవునండి’ అన్నారు మా ఆయన.”

“అయి ఉండవచ్చు. అది పత్రేతర సత్యం. పత్రంలో లేని సత్యాన్ని పరిగణించే అధికారం నాకు లేదమ్మా.”

నూకరత్నం ఉత్తరం మడత విప్పింది. తర్వాత ఒక వరస మీద వేలు పెట్టి బల్ల మీద మా వైపు తిప్పింది.

“డబ్బు సంగతి తర్వాతండి. ముందీ మాట తీసెయ్యండి. ‘ఉద్దేశపూర్వకముగా సత్యమును దాచి సంస్థను మోసగించినందున.’ మా పెద్దపిల్ల చదివి చెప్పింది. నాన్న మోసం చేశాడా అమ్మా అనడిగింది. ఏం చెప్పమంటారండి దానికి?”

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ వాక్యం మా సంస్థ తయారుచేసిన నమూనాలో ఉంటుంది. పేరు, పాలసీ నంబరు మాత్రమే మేము నింపుతాం. తీసేయడానికి అందులో వీలు లేదు.

పక్కన కూర్చున్న అన్నగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన పేరు కొప్పిశెట్టి వీరభద్రం. బస్టాండు వెనక కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగు షాపు ఆయనది. నలభై ఆరేళ్ల మనిషి, వేళ్ల చివర్లన్నీ వార్నిషు మరకలు.

“ఒక సంగతి అడుగుతానండి. నిజం రాస్తే మాత్రం ఆపరా?”

మేనేజరు గారి ముఖం వికసించింది. “సంపూర్ణ సత్యంతో నిండిన దరఖాస్తు ఉంటే ఆ క్లెయిమును ఆపే శక్తి మా చైర్మన్‌కు కూడా లేదు!”

“అయితే నాకో ఫారం ఇప్పించండి. నేనే రాసుకుంటాను.”

ఫారం అడిగి పట్టుకెళ్లిన మొదటి మనిషిని నేను ఆ రోజే చూశాను.

సరిగ్గా ఆ వారమే మా హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. తిరస్కరించిన క్లెయిముల గురించి పేపర్లలో ఎవరెవరో ఏదేదో రాశారట. డైరెక్టర్లకు నొప్పి కలిగింది. “ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయునది ఏమనగా, క్లెయిముల తిరస్కరణకు మూలకారణము దరఖాస్తులలో సత్యలోపమని నిపుణుల సంఘము కనుగొన్నది. కావున ఆగస్టు మాసమును సంపూర్ణ సత్య మాసముగా ప్రకటించడమైనది. ప్రతి శాఖ మాసాంతమునకు రెండు వందలకు తగ్గకుండా సత్యములను సమర్పించవలెను.” సత్యం అంటే ‘అవును’ అని వచ్చిన జవాబు. ప్రతి ‘అవును’నూ శాఖవారు స్వయంగా వెళ్లి విచారించి, ‘విచారించి సత్యమని తేల్చడమైనది’ అనే ముద్ర వేసి, మేనేజరు సంతకంతో పంపాలి. నాలుగు పేజీల ఫారం పోయి నలభై ఆరు పేజీల కొత్త ఫారం వచ్చింది. అందులో రెండు వందల పన్నెండు ప్రశ్నలు.

నేను ప్రశ్నలన్నీ చదివాను. మచ్చుకు కొన్ని చెబుతాను. గత పదేళ్లలో జలుబు చేసినదా, చేసినచో ఎన్ని పర్యాయములు? నిద్రలో గురక వచ్చునా, వచ్చునని మీకెట్లు తెలియును? పిడుగుపాటు, ఏనుగు, నౌకాభంగము వలన మీ వంశములో ఎవరైనను మరణించిరా? మీకు తెలియని వ్యాధి మీకేదైనా ఉన్నదా?

సత్యమాసం మొదలైంది. ఫారం తిరగేసిన వాళ్లు ‘ఇప్పుడే వస్తామండి’ అని బయటికి నడిచి, ఇటువైపు రావడమే మానేశారు. గంగరాజు ఒకరిద్దరిని పట్టుకొచ్చాడు గానీ, నలభై ఆరు పేజీల ఫారం మోటారు సైకిలు ట్యాంకు మీద ఇమడలేదు, జారిపోయింది. పదిహేను రోజులకు మా శాఖ సేకరించిన సత్యాల సంఖ్య సున్న.

పదహారో రోజు వీరభద్రం వచ్చాడు. పాత ఫారం చెల్లదని చెప్పి కొత్తది నేనే షాపుకు పంపించాను. దాన్ని ఒక అట్టల ఫైల్లో పెట్టి తెచ్చాడు. రెండు వందల పన్నెండు ప్రశ్నలకూ జవాబులున్నాయి, గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.

“ఎన్నాళ్లు పట్టింది?” అన్నాను.

“తొమ్మిది రోజులండి. వైండింగులో ఒక్క చుట్టు తప్పితే మోటారు మళ్లీ కాలిపోద్ది. అలాగే రాసేను. మా ఆవిడ మంగతాయారు పక్కన కూర్చుని అడిగిందండి. తాగుతారా అన్నదానికి నేను ‘లేదు’ అనబోతే, ‘అమ్మోరి తీర్థం నాడు ఏంటది మరి?’ అంది. రాసేసేను.”

చూశాను. ‘ఏడాదికి మూడుసార్లు. తీర్థంలో ఒకసారి. మిగతా రెండూ మా తోడల్లుడు వచ్చినప్పుడు.’ గురక ప్రశ్న దగ్గర ‘అవును. పక్కింటివాళ్లు చెప్పారు’ అని ఉంది. మొత్తం నూట నలభై మూడు ‘అవును’లు.

మేనేజరు గారు ఫైలు చూసి కుర్చీలోంచి లేచారు. ఒక్క మనిషిలో నూట నలభై మూడు సత్యాలు! మరుక్షణం కూర్చుండిపోయారు.

“ఇంత నిజం ఎవరడిగారయ్యా? రోజుకు రెండు మూడు చొప్పున రాస్తే ఏదో ఒకటి చెయ్యవచ్చు. ఇదంతా పైకి పంపితే స్క్రూటినీలో ఉండిపోతుంది.”

“అడిగినవే రాసేనండి. అడగనిది ఒక్కటీ రాయలేదు.”

నేను జవాబులు కంప్యూటరులో ఎక్కించడానికి కూర్చున్నాను. కొత్త ఫారం వచ్చింది గానీ కంప్యూటరు పాతదే. ‘అవును’ అని నొక్కిన ప్రతిసారీ ‘మీరు పొరపాటు చేశారు, లేదు అని దిద్దుకోండి’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చేది. నూట నలభై మూడుసార్లు మేము పొరపాటు చేయలేదని దానికి నచ్చచెప్పాను.

నాలుగో రోజున హెడ్డాఫీసు స్క్రూటినీ వాళ్ల మొదటి అభ్యంతరం వచ్చింది. తొంభై తొమ్మిదో ప్రశ్నకు, అంటే తాతగారు ఏ వ్యాధితో మరణించారన్నదానికి, వీరభద్రం ‘తెలియదు’ అని రాశాడు. తెలియదు అనే జవాబు అవునూ కాదు, లేదూ కాదు. “కావున సదరు విషయము తెలియదని ధ్రువీకరించుచు తాతగారి సంతకముతో కూడిన పత్రము సమర్పించవలెను.”

“మా తాత పోయి నలభై ఏళ్లయిందండి” అన్నాడు వీరభద్రం.

మేనేజరు గారు ఆలోచించారు. “తాతగారు హాజరు కాలేని పరిస్థితిలో ఉన్నట్టు గ్రామాధికారి చేత రాయించుకు రండి.”

వీరభద్రం విసుక్కోలేదు. వాళ్ల ఊరెళ్లి, రెండు రోజులు తిరిగి, ‘సదరు వ్యక్తి హాజరు కాలేని స్థితిలో ఉన్నారు’ అని రాయించుకొచ్చాడు. స్క్రూటినీ తృప్తి చెందింది. వీరభద్రం తనకు ఒక కాపీ కావాలన్నాడు. ఇచ్చాను. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో మా రసీదు ముద్ర అన్నిసార్లు సిరా చూడలేదు.

తర్వాత వైద్యపరీక్ష. మా సంస్థ డాక్టరు గారు పార్టీని చూడకుండానే ‘ఆరోగ్యవంతుడు’ అని రాయడంలో సిద్ధహస్తుడు. వీరభద్రాన్ని నేనే తీసుకెళ్లాను. డాక్టరు గారు అలవాటు ప్రకారం సంతకం పెట్టబోతుంటే వీరభద్రం చొక్కా చేతులు మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టాడు.

“ఏంటది?” అన్నారు డాక్టరు గారు.

“నూట అరవయ్యో ప్రశ్నండి. ‘డాక్టరు మిమ్మల్ని పరీక్షించెనా?’ అని. అవునని ముందే రాసేనండి. మీరు చూడకపోతే అది అబద్ధమైపోద్ది.”

డాక్టరు గారు బీపీ మిషను వెతికారు. దొరికింది. బ్యాటరీలు లేవు. గోడగడియారంలోవి తీసి వేశారు. ఒకసారి చూసి, భృకుటి ముడివేసి, ఇంకోసారి చూశారు. కాసేపు కూర్చోబెట్టి మూడోసారి చూశారు. అంతవరకూ ఆయన ముఖంలో ఉన్న విసుగు పోయింది.

“నూట డెబ్బై మీద నూట నాలుగు. తల నొప్పి వస్తుందా పొద్దున్నే?”

“వస్తాదండి. వార్నిషు వాసనకి అనుకున్నాను.”

“ఇది వార్నిషు కాదు. ఇలాగే వదిలేస్తే…” డాక్టరు గారు ఆగారు. తర్వాత మందుల చీటీ రాశారు. నాకు తెలిసి ఆయన మా సంస్థ తరఫున రాసిన మొట్టమొదటి మందుల చీటీ అదే.

బయటికొచ్చాక వీరభద్రం మెట్ల మీద కూర్చున్నాడు. మందుల చీటీ రెండు వైపులా తిప్పి చూశాడు.

“సోమయాజులు గారండి,” అన్నాడు, “మా బావ కూడా పొద్దున్నే తలపట్టుకుని కూర్చునేవాడండి. ఎండకనుకునేవాళ్లం.”

గంగరాజు అయితే ఈ సమయానికి ‘ఆ కాగితం చించేద్దాం, మళ్లీ రాద్దాం’ అని ఉండేవాడు. నా నోట్లోకీ ఆ మాటే వచ్చింది. మా అలవాటు అలాంటిది. వీరభద్రం నా చేతిలోని ఫారం అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, రక్తపోటు ప్రశ్న దగ్గర ‘లేదు’ మీద గీత కొట్టి, ‘అవును. ఈ రోజే తెలిసింది’ అని రాసి, తేదీ వేసి, పక్కన సంతకం పెట్టాడు. ఫారం మొత్తం మీద ఆ ఒక్కటే కొట్టివేత. తర్వాత లేచి మందుల షాపుకు నడిచాడు.

అలా సత్యాలు నూట నలభై నాలుగయ్యాయి. ఇక వాటిని విచారించి ముద్రలు వేయాలి. నేను పక్కింటివాళ్లను కలిసి గురక విచారించాను. తోడల్లుణ్ణి ఫోనులో విచారించాను. అలా ఎనభై ఏడో ప్రశ్నకు వచ్చాను.

‘దగ్గరి బంధువులలో ఎవరైనను గుండె వ్యాధితో మరణించిరా? వివరములు విపులముగా వ్రాయుము.’ వీరభద్రం విపులంగానే రాశాడు, రెండు పేజీలు. తన చెల్లెలి భర్త భీమేశ్వర్రావు గుండెపోటుతో పోయాడని, అతనికి పాలసీకి ముందు నుంచే షుగరు ఉన్నదని, ఆ సంగతి ఏజెంటు గంగరాజుకు నోటితో చెప్పాడని, గంగరాజు మాత్రల డబ్బా కళ్లారా చూశాడని, చూసి కూడా ‘లేదు’ అని తానే రాశాడని.

అక్కడికక్కడే ఆపేయవలసిన జవాబు ఇది. కానీ సర్క్యులరులో ఇది తప్ప మిగతావి విచారించండి అని ఎక్కడా లేదు. నేను నిబంధనల మనిషిని. నూకరత్నం ఇంటికి వెళ్లాను. ఆవిడ అరటాకుల కట్టలు కడుతోంది. భర్త పోయాక మొదలుపెట్టిన పనట. చేతులు తుడుచుకుని గూట్లోంచి మాత్రల డబ్బా, పాలసీకి రెండేళ్ల ముందు తేదీ ఉన్న మందుల చీటీ తీసి ఇచ్చింది.

“వీటితో ఏమన్నా అవుద్దాండి?”

“నాకు తెలియదమ్మా. ఎనభై ఏడో ప్రశ్న విచారించడానికి మాత్రమే వచ్చాను.”

అక్కడి నుంచి గంగరాజు దగ్గరికి వెళ్లాను. ఆయన బుకాయిస్తాడని, విచారణ అంతటితో ముగుస్తుందని అనుకున్నాను. కానీ సత్యమాసంలో ఏజెంట్లకు కూడా ప్రోత్సాహకాలున్నాయి. ధ్రువపడిన ప్రతి సత్యానికీ ఒక పాయింటు, నలభై పాయింట్లకు అయిదు లీటర్ల ప్రెషరు కుక్కరు. ఆ నెలలో గంగరాజుకు ఒక్క పాలసీ లేదు, ఒక్క పాయింటు లేదు.

“భీమేశ్వర్రావుకు షుగరుందని మీకు తెలుసా?” అనడిగాను.

“తెలుసునండి. చెప్పేడు. డబ్బా కూడా చూసేను. లేదని నేనే రాసేను. ఇది ఒక పాయింటా, మూడు పాయింట్లాండి?”

ఆలోచించి మూడు వేశాను.

“నా దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయి సోమయాజులు గారూ. రాసుకోండి” అని, ఊళ్లో ఎవరెవరికి ఏమేం జబ్బులుండగా తాను ‘లేదు’ రాశాడో వీధివారీగా, ఇళ్లవారీగా చెప్పుకుపోయాడు. ఆయన జ్ఞాపకశక్తికి నేను ముగ్ధుణ్ణయ్యాను. నలభై ఒకటి చెప్పాక కుక్కరు ఖాయమని తెలిసి ఆపాడు. అన్నింటి కిందా సంతకాలు పెట్టాడు.

ఆగస్టు ముప్పై ఒకటో తేదీన మేనేజరు గారు నా బల్ల ముందు నిలబడ్డారు. జోన్‌లో ఏ శాఖా పదికి మించి సత్యాలు సేకరించలేదు. మాకు వీరభద్రంవి, గంగరాజువి కలిపి రెండు వందలకు పదిహేను మాత్రమే తక్కువ.

“ఎనభై ఏడో ప్రశ్న కొంచెం సున్నితమైనదండీ. ఒకసారి చదివి సంతకం పెట్టండి” అన్నాను.

“సత్యాన్ని చదివి పరీక్షించడమేమిటి సోమయాజులు గారూ! ముద్ర ఎక్కడ?” అని, వరసగా ముద్రలు వేసి సంతకాలు చేసేశారు.

సెప్టెంబరు రెండో వారంలో వీరభద్రం పాలసీ మంజూరైంది. రక్తపోటు వల్ల ప్రీమియం కొంచెం ఎక్కువ పడింది. “పడనివ్వండి. రేపు నేను లేకపోతే మంగతాయారు ఎవరి ముందూ నిలబడక్కర్లేదు కదా” అని కట్టేశాడు. సంపూర్ణ సత్యమాసం పేరిట రాష్ట్రం మొత్తం మీద మా సంస్థ ఇచ్చిన పాలసీ అదొక్కటే. దానితో మా శాఖకు ఉత్తమ సత్యశాఖ బిరుదు వచ్చింది. జోనల్ మేనేజరు గారు స్వయంగా వచ్చి, కల్యాణ మండపంలో సభ పెట్టించి, వీరభద్రానికి సత్యరత్న అనే పతకం వేసి, పాలసీ బాండు అందించారు.

“మిత్రులారా! ఈ పత్రంలోని ప్రతి అక్షరమూ మా సంస్థ చేత పరీక్షింపబడిన పరమ సత్యం. దీనిని శంకించడమంటే సంస్థనే శంకించడం!” అన్నారాయన. అందరం చప్పట్లు కొట్టాం. పేపరువాళ్లు ఆ మాటను ఫొటో కింద అచ్చు వేశారు.

బాండుకు దరఖాస్తు నకలు జతచేసి ఇవ్వడం మా ఆనవాయితీ. నలభై ఆరు పేజీలూ ముద్రలతో, విచారణలో పెట్టించిన సంతకాలతో సహా వెళ్లాయి. వీరభద్రం ఆ సభలోనే మూడో వరసలో కూర్చుని ఎనభై ఏడో ప్రశ్న దాకా తిరగేసి, అక్కడ ముద్ర ఉన్నదో లేదో చూసుకుని, ఫైలు మూశాడు.

నెల తిరక్కుండా బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఎదుటికి రమ్మని మాకు పిలుపు వచ్చింది. ఫిర్యాదు చేసింది నూకరత్నం. హైదరాబాదుకు మేనేజరు గారు, నేను, సంస్థ వకీలు వెళ్లాం. అటు అన్నాచెల్లెళ్లిద్దరే.

వకీలు గారు గంభీరంగా మొదలుపెట్టారు. “మృతుడు సత్యాన్ని దాచాడు, అందుకు ఆయన దరఖాస్తే సాక్ష్యం.”

వీరభద్రం లేచి తన బాండు ముందుపెట్టాడు. “ఇది నా దరఖాస్తండి. దీంట్లో మా బావ దాచలేదని ఉంది. వాళ్లే విచారించి, సత్యమని ముద్దరేసేరు. ఏజెంటు గోరి సంతకం కూడా ఉందండి.”

అంబుడ్స్‌మన్ గారు రెండు పేజీలూ చదివారు. కళ్లజోడు తీసి మా మేనేజరు గారిని చూశారు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదే. అయితే ఆ సమయంలో లక్ష్యసాధన దృష్ట్యా…”

“ఇందులో రాసింది నిజమా, అబద్ధమా?”

నిజమంటే నూకరత్నం క్లెయిము చెల్లించాలి. అబద్ధమంటే పరీక్షించిన పరమ సత్యం అబద్ధమవుతుంది, పతకం వెనక్కి తీసుకోవాలి, ఉత్తమ సత్యశాఖ బిరుదు పోతుంది, జోనల్ మేనేజరు గారి మాట అచ్చులో ఉండిపోయింది. వకీలు గారు అయిదు నిమిషాలు వ్యవధి అడిగి వరండాలోకి వెళ్లి జోనల్ మేనేజరు గారికి ఫోను చేశారు. ఆయన హెడ్డాఫీసుకు చేశారు. హెడ్డాఫీసులో సత్యమాసం గురించి చైర్మన్ గారు ఎక్కడో సన్మానం అందుకుంటున్నారట. వకీలు గారు తిరిగి వచ్చి కూర్చున్నారు.

“నిజమేనని సంస్థ అభిప్రాయపడుతున్నది” అన్నారు.

క్లెయిము పూర్తిగా, వడ్డీతో సహా చెల్లించమని ఉత్తర్వు వచ్చింది. మా గంగరాజుకు కుక్కరు, సంజాయిషీ నోటీసు ఒకే రోజు ఒకే లారీలో అందాయి.

చెక్కు తీసుకోవడానికి నూకరత్నం పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సంతకం చేసి చెక్కు సంచిలో పెట్టుకుంది గానీ లేవలేదు.

“ఉత్తరం కూడా కావాలండి. ఆయన దాచలేదని.”

మేనేజరు గారు నమూనాల పుస్తకం తెరిపించారు. తిరస్కరణకు పధ్నాలుగు రకాల నమూనాలున్నాయి. సంస్థ పొరపాటు పడిందని చెప్పే నమూనా ఒక్కటీ లేదు. “నమూనా లేని ఉత్తరం జారీచేసే అధికారం…” అని ఆయన మొదలుపెట్టేసరికి, నేను నా బల్ల దగ్గరికి వెళ్లి తెల్లకాగితం పెట్టి టైపు చేయడం ప్రారంభించాను. నమూనా లేకుండా ఉత్తరం రాయడం నాకు మొదటిసారి. ‘అయ్యా/అమ్మా’ తర్వాత ఏం రాయాలో తెలియక చాలాసేపు ఆగాను. చివరికి రెండే వాక్యాలు వచ్చాయి. ‘మీ భర్త భీమేశ్వర్రావు గారు మా సంస్థ దగ్గర ఏమీ దాచలేదు. నిజం చెప్పారు, మేమే రాసుకోలేదు.’

మేనేజరు గారు చదివారు. ఈసారి పూర్తిగా చదివారు. సంతకం పెట్టారు. నూకరత్నం దాన్ని చేతికి తీసుకోకుండా కూతురికి చూపించింది. ఆ పిల్ల అక్కడే నిలబడి పైకి చదివింది. ‘ఏమీ దాచలేదు’ దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నూకరత్నం కూతురి వీపు మీద చెయ్యి వేసి, మా ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ దణ్ణం తీసుకోవడం నాకు కష్టమనిపించింది.

హెడ్డాఫీసు సంపూర్ణ సత్య మాసాన్ని ‘అనివార్య కారణముల వలన’ రద్దుచేసింది. నలభై ఆరు పేజీల ఫారం పోయి, మళ్లీ నాలుగు పేజీలది వచ్చింది. అయితే గంగరాజు చెప్పిన నలభై ఒకటి రికార్డులకెక్కి ఉన్నాయి కాబట్టి, వాటిని ఏం చేయాలన్నది సమస్య అయింది. పాత దరఖాస్తులో తప్పు పడిందనుకున్న ఏ పాలసీదారైనా స్వయంగా వచ్చి సరిచేసుకోవచ్చునని, ఒక దిద్దుబాటు ఫారం పంపించారు. ఒకటే పేజీ. ఆ కట్ట నా బల్ల మీద పెట్టుకున్నాను.

మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం మార్కెట్లోని మేస్త్రీలు ఇద్దరు వచ్చారు. తర్వాత గంగరాజు జాబితాలోని వీధులు కదిలాయి. ఒకాయన తన ఆస్తమాను పద్దెనిమిదేళ్ల తర్వాత మా దగ్గర ఒప్పుకుని, తేలికైన మనసుతో కూర్చుని టీ తాగి వెళ్లాడు. మా క్యాషియరు ఒక ఫారం అడిగి పట్టుకెళ్లాడు.

ఒక శుక్రవారం, కస్టమర్లు లేని వేళ, మేనేజరు గారు తన గదిలోంచి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. నా బల్ల ముందు ఆయన కూర్చోవడం అదే మొదలు. దిద్దుబాటు ఫారం ఒకటి తీసుకుని వెనకా ముందూ చూశారు.

“ఒక విధానపరమైన సందేహం సోమయాజులు గారూ. పాలసీదారు ఒకరు పదకొండో ప్రశ్నకు, అనగా షుగరు వ్యాధికి, ఇప్పుడు ‘అవును’ అని సవరణ సమర్పించినట్లయితే, సంస్థ వైఖరి ఏ విధంగా ఉంటుంది? ప్రీమియం ఏ మేరకు పెరిగే అవకాశం ఉన్నది?”

“వయసును బట్టి ఉంటుందండీ. ఎవరికి?”

ఆయన తలుపు వైపు చూశారు. పెన్ను మూత తీశారు, మళ్లీ పెట్టారు.

“నాకే” అన్నారు.